నడుం పట్టేసిందా? నొప్పి ఏ భాగానిదో ఇంట్లోనే పోల్చుకోవడం ఎలా

నడుం నొప్పి అనగానే చుట్టుపక్కల వాళ్ల నోట వచ్చే మాటలు రెండు. ఒకటి "పూసల మధ్య గ్యాప్ వచ్చింది", రెండోది "నరం నొక్కుకుంది". మొదటిది తిరగేసి చెప్పిన మాట. వయసు మీదపడే కొద్దీ పూసల మధ్య గ్యాప్ తగ్గుతుంది గానీ పెరగదు. రెండోది కొందరి విషయంలోనే నిజం. నడుం నొప్పి ఉన్న పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఫలానా చోటే చెడిందని ఏ స్కానూ కచ్చితంగా వేలుపెట్టి చూపలేదు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఏ కదలికకి నొప్పి పెరుగుతోంది, దేనికి తగ్గుతోంది, కాల్లోకి ఎంతవరకు పాకుతోంది అన్న మూడూ గమనిస్తే ఏ పని ఆపాలో, ఏది ఆపకూడదో తేలిపోతుంది. సార్వా ఊడ్పులకి వంగేవాళ్లకీ, ధాన్యం బస్తా మోసేవాళ్లకీ, నరసాపురం వైపు లేసు అల్లుతూ కూర్చునేవాళ్లకీ ఒకే వ్యాయామాల కాగితం చేతిలో పెడితే కొందరికి తగ్గుతుంది, కొందరికి ఉన్నది ఎక్కువవుతుంది.

ముందుగా: ఇంట్లో చూసుకోకూడని నొప్పులు

కింది వాటిలో ఏది ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

మూత్రం రాకుండా బిగిసిపోవడం, లేదా తెలియకుండా పోవడం. సైకిల్ సీటు తగిలే చోటంతా తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం. రెండు కాళ్లూ బలహీనపడటం. వెన్నుపాము కిందికి దిగే నరాల కట్ట మొత్తం నలిగితే ఇలా అవుతుంది. ఇది గంటలు లెక్కపెట్టుకోవాల్సిన విషయం. ఆపరేషన్ ఎంత త్వరగా, వీలైతే 48 గంటల లోపే జరిగితే మూత్రం మీద పట్టు తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. మామూలు క్లినిక్కుల చుట్టూ తిరగకుండా, ఎంఆర్‌ఐ, వెన్ను ఆపరేషన్ సౌకర్యం రెండూ ఉన్న పెద్దాసుపత్రికే నేరుగా వెళ్లండి.

సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి, వెన్ను మీద ఒకే పూస దగ్గర వేలితో తడితే ఉలిక్కిపడేంత బాధ ఉంటే వెన్ను క్షయ ఏమోనని చూడాలి. దగ్గు లేకపోయినా, కఫంలో క్రిమి కనపడకపోయినా ఎముకకి క్షయ రావచ్చు. మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. చికిత్స సాధారణంగా ఏడాది వరకు సాగుతుంది.

అరవై దాటిన ఆడవాళ్లకి బిందె దించుతుంటేనో, అరుగు మీంచి చిన్నగా జారితేనో నడుం పైభాగంలో హఠాత్తుగా పట్టేస్తే పూస అణిగి ఉండవచ్చు. దీనికి మామూలు ఎక్స్‌రే తీస్తే సాధారణంగా తెలిసిపోతుంది. నొప్పి అలలు అలలుగా వచ్చి గజ్జల్లోకి దిగుతూ, ఎటు తిరిగి పడుకున్నా ఊరట లేకపోతే అది కిడ్నీ రాయి కావచ్చు, వెన్నుతో పని లేదు. నలభై ఐదు లోపు వాళ్లకి మూడు నెలలకు పైగా నొప్పి ఉండి, తెల్లవారుజామున మెలకువ తెప్పిస్తూ, లేచాక అరగంటకి పైగా బిగుసుకుని, పనిలో పడ్డాక సడలుతుంటే కీళ్లవాతం డాక్టరుకి చూపించాలి. అది విశ్రాంతితో తగ్గే రకం కాదు.

రెండు: మీ వెన్ను మీరే తడిమి చూసుకోండి

నిలబడి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, పంచె ముడి పడే చోట తుంటి ఎముకల పై అంచు తగిలేదాకా నొక్కండి. బొటనవేళ్లని అదే ఎత్తున వెనక్కి జరిపితే మధ్యలో కలిసే చోటు సుమారుగా నాలుగో నడుం పూస. రిపోర్టుల్లో ఎల్4 అని రాసేది దాన్నే. దాని కింద ఎల్5, ఆ కింద త్రికాస్థి, అంటే పిరుదుల మధ్య ఉండే ముక్కోణపు ఎముక. డిస్కు (పూసల మధ్య మెత్త) జారడాల్లో దాదాపు అన్నీ ఈ జానెడు మేరలోనే, ఎల్4-ఎల్5 మధ్యనో, ఎల్5కీ త్రికాస్థికీ మధ్యనో జరుగుతాయి. ఇంకాస్త కిందికి వస్తే పిరుదుల పైన రెండు సొట్టలు తగులుతాయి. వాటి పక్కనే త్రికాస్థికీ తుంటికీ కలిసే కీళ్లు ఉంటాయి.

మొత్తం పూసలు 33. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుంలో 5, అతుక్కుపోయి త్రికాస్థి అయినవి 5, చివర తోక ఎముకలో సాధారణంగా 4. వెన్నుపాము మాత్రం తోకదాకా రాదు. పెద్దవాళ్లలో ఒకటో రెండో నడుం పూస దగ్గరే ఆగిపోతుంది. ఆ కింద ఉండేది విడివిడి నరాల కుచ్చు.

"కాన్పు ఆపరేషన్‌కి వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు, అప్పట్నుంచే నడుం నొప్పి" అనే మాట ఇంటింటా వినిపిస్తుంది. మత్తు డాక్టరు పైన చెప్పిన తుంటి గీతనే గుర్తు పెట్టుకుని, వెన్నుపాము ఆగిపోయిన చోటుకి కిందే సూది వేస్తారు. సూది పడ్డచోట కొన్నాళ్లు సలుపు ఉండొచ్చు. ఏళ్ల తరబడి నొప్పికి అది కారణమని పరిశోధనల్లో తేలలేదు. కడుపు కండరాలు వదులైపోవడం, బిడ్డని ఎత్తుకుని పక్కకి ఒరిగి నిలబడటం, వంగి పాలివ్వడం అసలు కారణాలు. వాటిని సరిచేసుకోవచ్చు కాబట్టి సూదిని తిట్టుకుంటూ కూర్చోకండి.

మూడు: డిస్కు ఎలా చెడుతుందో తెలుసుకోండి

రెండు పూసల మధ్య ఉండే మెత్త పేరే డిస్కు. లేత తాటిముంజని తలుచుకోండి, లోపల నీరున్న గుజ్జు, చుట్టూ దాన్ని పట్టి ఉంచే పొర. కాకపోతే డిస్కుకి ఆ పొర ఒకటి కాదు, 15 నుంచి 25 దాకా ఉంటాయి. ఒక పొరలో పీచు కుడికి వాలితే పక్క పొరలో ఎడమకి వాలుతుంది. అందువల్ల మెలితిరిగినప్పుడు సగం పొరలే బిగుసుకుని లాగుతాయి, మిగతా సగం వదులైపోతాయి. వంగి ఉండగానే మెలితిరిగితే వెనక పక్కన ఉన్న పల్చటి పొరల మీద ఆ భారమంతా పడుతుంది. పనలు ఎత్తి పక్కకి విసురుతూ కుప్ప వేసేటప్పుడు చేసేది సరిగ్గా ఇదే.

డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పగలంతా భారానికి నీరు కోల్పోయి పల్చబడుతుంది, రాత్రి పడుకున్నప్పుడు పీల్చుకుని ఉబ్బుతుంది. పొద్దున్నకీ సాయంత్రానికీ మన ఎత్తులో సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా వచ్చేది ఇందుకే. లేచిన మొదటి గంటలోనే అందులో సగం దాకా తగ్గిపోతుంది. అంటే లేచీ లేవగానే డిస్కు బిర్రుగా ఉబ్బి ఉంటుంది, అప్పుడు నడుం వంచితే దాని మీద పడే ఒత్తిడి మామూలుకన్నా చాలా ఎక్కువ. మన ఇళ్లలో ఆడవాళ్లు నిద్ర లేచి చేసే మొదటి పని ఏమిటి? వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, నడుం వంచి ముగ్గేయడం. నొప్పి ఉన్నన్నాళ్లు ఆ పని ముప్పావుగంట వెనక్కి నెట్టండి. ముందు కాఫీ పెట్టుకోండి, నిలబడి చేసే పనులు చూసుకోండి. పొడుగు కర్ర చీపురు వాడండి, ముగ్గు చిన్న పీట మీద కూర్చుని వేయండి. ధనుర్మాసం పెద్ద ముగ్గులైతే సాయంత్రమే మేలు. ఖర్చు లేని ఈ ఒక్క మార్పుతో చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది.

బరువు లెక్క కూడా చూడండి. వెన్ను కండరాలు డిస్కు మధ్యభాగానికి సుమారు 5 సెంటీమీటర్ల వెనక ఉంటాయి. 25 కిలోల బియ్యం సంచిని డిస్కుకి 40 సెంటీమీటర్ల ముందు పట్టుకుంటే దాన్ని నిలబెట్టడానికి ఆ కండరాలు 200 కిలోల బలంతో లాగాలి. డిస్కుని నొక్కేది ఆ బలమే. సంచి బరువూ, మన మొండెం బరువూ దీనికి అదనం. అదే సంచిని 20 సెంటీమీటర్లకి దగ్గరగా లాక్కుంటే 100 కిలోలు చాలు. మోకాళ్లు వంచి ఎత్తండి అని అందరూ చెబుతారు, తప్పేం కాదు. కానీ మోకాళ్లు వంచి సంచిని దూరంగా పట్టుకుంటే లాభం ఏమీ లేదు. బరువు పొట్టకి ఆనడం ముఖ్యం.

నాలుగు: ఐదు పరీక్షలు

నొప్పి మరీ తీవ్రంగా ఉన్న రోజు కాకుండా, కాస్త కదలగలిగే రోజు చేయండి. పక్కన ఒక మనిషి ఉంటే మంచిది.

మొదటిది, నిలబడి మెల్లగా ముందుకి వంగండి. తర్వాత చేతులు నడుం మీద పెట్టి వెనక్కి వాలండి. ముందుకి వంగితే, కూర్చుంటే, దగ్గితే, తుమ్మితే పెరిగే నొప్పి ఎక్కువగా డిస్కుది. వెనక్కి వాలినా, ఒక పక్కకి వెనక్కి తిరిగినా కలుక్కుమంటే పూసల వెనక ఉండే చిన్న కీళ్లని అనుమానించాలి. ఇది నూరు శాతం తేల్చే పరీక్ష కాదు, దారి చూపించేది మాత్రమే.

రెండోది, వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా నొప్పి ఉన్న కాలిని పక్క మనిషి చేత పైకి ఎత్తించుకోండి. 30 నుంచి 70 డిగ్రీల మధ్యలో మోకాలి కిందిదాకా కరెంటు పాకినట్టు జివ్వుమంటే నరం నొక్కుకుంది. తొడ వెనక బిగుతుగా లాగినంత మాత్రాన కాదు, అది కండరం పట్టు. బాగున్న కాలిని ఎత్తినా నొప్పి ఉన్న కాల్లోనే జివ్వుమంటే డిస్కు జారిందనే అనుమానం ఇంకా బలపడుతుంది.

మూడోది, మడమల మీద పది అడుగులు, మునివేళ్ల మీద పది అడుగులు నడవండి. మడమల మీద నడుస్తుంటే పాదం ముందుభాగం జారిపోతున్నా, బొటనవేలు పైకి లేవకపోయినా ఎల్5 నరం. ఒంటికాలి మునివేళ్ల మీద పదిసార్లు లేవలేకపోయినా, పాదం బయటి అంచు మొద్దుబారినా దాని కింది నరం. మెట్లు ఎక్కుతుంటే మోకాలు పట్టు తప్పి కుంగిపోతే ఎల్4 నరం. నొప్పి ఎంత ఉన్నా కొన్నాళ్లు ఆగి చూడొచ్చు గానీ బలం తగ్గుతుంటే ఆగకూడదు, వారంలోపు డాక్టరుకి చూపించాలి. పాదం పూర్తిగా వేలాడిపోతే ఆరోజే.

నాలుగోది అరవై దాటినవాళ్లకి. గట్టు వెంట నడిస్తే కొంతదూరానికి రెండు కాళ్లూ బరువెక్కి పీకుతున్నాయా? కూర్చుంటేనో, ముందుకి వంగి గోడ పట్టుకుంటేనో సర్దుకుంటున్నాయా? సైకిల్ మీద మాత్రం ఎంత దూరమైనా వెళ్లగలుగుతున్నారా? అయితే నరాలు దిగే కాలువ ఇరుకైంది. వంగినప్పుడు ఆ కాలువ కాస్త తెరుచుకుంటుంది కాబట్టి సైకిల్ మీద హాయిగా ఉంటుంది. చుట్ట, బీడీ కాల్చేవాళ్లు మరో సంగతి గమనించాలి. వంగకుండా, ఊరికే నిలబడినా నొప్పి తగ్గిపోతే అది నరాలది కాకపోవచ్చు, కాలి రక్తనాళాలు పూడుకుని ఉండవచ్చు.

ఐదోది తేలిక. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి. వేలు ప్రతిసారీ పిరుదు పైసొట్ట దగ్గరే ఆగితే త్రికాస్థికీ తుంటికీ కలిసే కీలు. అరచేతితో నడుమంతా రాసి చూపిస్తే ఎక్కువగా కండరాలు.

ఐదు: మొదటి వారం

మంచం పట్టడం ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. అంతకు మించితే కండరాలు సన్నబడి, కోలుకోవడం ఆలస్యమవుతుంది. మూడో రోజు నుంచి రోజుకి మూడు నాలుగు సార్లు పదేసి నిమిషాలు చదునైన చోట నడవండి. ఉప్పు మూటతోనో, వేడినీళ్ల సంచితోనో 15-20 నిమిషాలు కాపడం పెట్టండి. నేరుగా చర్మం మీద పెట్టకుండా గుడ్డ అడ్డం వేయండి, మధుమేహం ఉన్నవాళ్లకి కాలినా తెలియదు.

పడక సంగతి. కుంగిపోయిన నులక మంచం వద్దు. అలాగని కటిక నేల మీద పడుకోమనే సలహా కూడా సరైంది కాదు. మరీ గట్టి పరుపుకన్నా ఓ మోస్తరు గట్టి పరుపే మేలని 2003లో స్పెయిన్‌లో చేసిన పరిశోధన చూపింది. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు, పక్కకి తిరిగితే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. లేచేటప్పుడు నేరుగా లేవకుండా పక్కకి తిరిగి, కాళ్లు కిందికి వేలాడేసి, చేత్తో నెట్టుకుని లేవాలి.

పారాసెటమాల్ నడుం నొప్పికి పెద్దగా పనిచేయదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పనిచేస్తాయి గానీ డాక్టరు చెబితేనే, తిన్న తర్వాత, కొద్దిరోజులే వాడాలి. బీపీ, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, గర్భిణులు సొంతంగా వేసుకోకూడదు. సూది వేయించుకున్న గంటకే లేచి పొలానికి వెళ్లగలిగితే అందులో ఏం కలిపారో అడగండి. స్టెరాయిడ్ పదేపదే పడితే ఎముకలు గుల్లబారతాయి.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకుంటే నడుం పట్టు పోతుందని మన వైపు నమ్మకం. మామూలు పట్టు ఎలాగూ నాలుగు రోజుల్లో సడలేదే కాబట్టి తన్నిన కాలికి పేరొస్తుంది. ఎముకలు గుల్లబారిన ముసలివాళ్లకో, పూసకి క్షయ పట్టినవాళ్లకో ఆ తన్నే పూసని విరగ్గొట్టొచ్చు.

ఆరు: ఏ నొప్పికి ఏ కదలిక

వంగితే పెరిగే నొప్పికి: బోర్లా పడుకుని మోచేతుల మీద లేచి రెండు నిమిషాలు ఉండండి. తర్వాత అరచేతులు ఆనించి, తుంటి నేలకే ఆని ఉండగా, చేతులు చాపుతూ ఛాతీ ఎత్తండి. పదిసార్లు, రెండు మూడు గంటలకోసారి. ఇక్కడ గమనించాల్సింది నొప్పి ఎంత అని కాదు, ఎక్కడిదాకా అని. పిక్కలో ఉన్నది తొడకి, తొడలోది నడుంలోకి తగ్గుకుంటూ వస్తే, నడుంలో కాస్త పెరిగినా సరే, దారి సరైనదే. నడుంలోది పిక్కలోకి దిగుతుంటే ఆపేయండి.

వెనక్కి వాలితే, నిలబడితే, నడిస్తే పెరిగే నొప్పికి పైది చేయకూడదు. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలు, తర్వాత రెండూ పొట్టకి లాక్కుని పది సెకన్లు పట్టుకోండి. సైకిల్ తొక్కండి.

తీవ్రత తగ్గాక అందరికీ పనికొచ్చేవి మూడున్నాయి. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు వంచి, చేతులు నడుం కింద పెట్టుకుని, తల, భుజాలు నేల నుంచి రెండంగుళాలు మాత్రమే ఎత్తడం ఒకటి. ఒక పక్కకి పడుకుని మోచెయ్యి, మోకాళ్ల మీద తుంటిని ఎత్తి పట్టుకోవడం రెండోది. చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎడమ చెయ్యి, కుడి కాలు ఒకేసారి చాపడం, తర్వాత మార్చడం మూడోది. నడుం మీద ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు పెడితే తొణక్కూడదు. ఒక్కోటి పది సెకన్లు పట్టి, మొదట ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగుసార్లు, మళ్లీ రెండుసార్లు. లేచీ లేవగానే మాత్రం వద్దు, కారణం పైనే ఉంది.

ఏడు: పనిలో మార్చాల్సినవి

ఊడ్పుల్లో నడుం వంచి ఇరవై నిమిషాలు ఉంటే వెన్ను వెనక పట్టీలు సాగిపోతాయి. లేచి నిలబడ్డ అరగంటకి కూడా అవి పూర్తిగా మునుపటి బిగువుకి రావు. కాబట్టి వరస అవగానే వెళ్లి తడి నారు కట్టలు ఎత్తడం మహా ప్రమాదం. నాటేవాళ్లూ, కట్టలు అందించేవాళ్లూ వేరుగా ఉండాలి. పావుగంటకోసారి నిలబడి, చేతులు నడుం మీద ఆనించి, వెనక్కి ఐదుసార్లు వాలండి. ఎడమ మోచేతిని తొడ మీద ఆనించి కుడిచేత్తో నాటే పద్ధతి చాలామంది ఆడవాళ్లకి అలవాటే. అది సరైనదే, మొండెం బరువు కొంత తొడ మీదికి దిగుతుంది.

ధాన్యం బస్తా 75 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగ కూలీకి పెట్టమన్న గరిష్ఠ హద్దు 55 కిలోలు. కల్లంలో ఒక్కరే నేల మీంచి లేపొద్దు. ఇద్దరు లేపి, మూడోవాడి వీపు మీదికి ఎక్కించాలి, లేదా నడుమెత్తు బల్ల మీంచి తీసుకోవాలి. లారీలోనో ట్రాక్టరు మీదో గంటసేపు కుదుపుల్లో కూర్చుని దిగినవాళ్లు పది నిమిషాలు నడిచాకే బస్తా పట్టుకోవాలి.

కొబ్బరి ఒలిచే గునపం మొన మీ మోచేతికి జానెడు నుంచి మూరెడు లోపు కిందకే ఉండాలి. మరీ కిందికి ఉంటే ప్రతి కాయకీ వంగాలి. కాయలు నేల మీద కాక బల్ల మీదో, తిరగేసిన పెట్టె మీదో పోయించుకోండి. లేసు అల్లేవాళ్లు, ఆత్రేయపురంలో కుండ ముందు కూర్చుని రేకులు తీసేవాళ్లు నాలుగైదు అంగుళాల పీట వేసుకుంటే తుంటి మోకాళ్ల కన్నా పైకి వచ్చి నడుం గూనిపడదు. వీలైతే వెనక గోడ ఉండేలా చూసుకోండి.

చెట్టు మీంచి పడితే

కొబ్బరి దింపు తీస్తూ పడ్డ మనిషిని ఇద్దరు పరుగెత్తి చంకల కింద ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు పట్టి ఎత్తి, ఆటోలో కూర్చోబెట్టేస్తారు. విరిగిన పూస అప్పుడే వెన్నుపామును నలిపేయొచ్చు. కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి, లేపి నిలబెట్టి చూడకండి. 108కి ఫోన్ చేసి, ఒకరు తల దగ్గర మోకరిల్లి రెండు చేతులతో తలని కదలకుండా పట్టుకోండి. తప్పనిసరిగా కదపాల్సి వస్తే నలుగురైదుగురు చేరి, తల పట్టుకున్నవాడు చెప్పినప్పుడే, తల నుంచి కాళ్లదాకా ఒకే దుంగలా పక్కకి దొర్లించి, కిందికి తలుపు చెక్క జారవిడవాలి. చెక్కతో సహా మోయాలి.

ఎనిమిది: స్కాను, ఆపరేషను, తిరిగి పనికి

పైన చెప్పిన ప్రమాద లక్షణాలు, బలం తగ్గడం లేకపోతే ఆరు వారాల దాకా ఎంఆర్‌ఐ అక్కర్లేదు. నొప్పే లేనివాళ్లకి తీసినా ఇరవై ఏళ్ల వయసులో పదిమందిలో ముగ్గురికి, ఎనభై ఏళ్లకి పదిమందిలో ఎనిమిది మందికి డిస్కు ఉబ్బు కనపడుతుంది. కాగితం మీద "బల్జ్" అన్న మాట చూసి హడలిపోనక్కర్లేదు. మీ పరీక్షల్లో తేలిన నరం, స్కానులో కనపడిన చోటు ఒకటే అయితేనే దానికి విలువ. జారిన గుజ్జు చాలామందిలో కొన్ని నెలల్లో తనంతట తనే కుంచించుకుపోతుంది. ఆపరేషన్ చేయించుకుంటే కాలి నొప్పి త్వరగా తగ్గుతుంది, ఏడాది తర్వాత చూస్తే చేయించుకున్నవాళ్లకీ చేయించుకోనివాళ్లకీ పెద్ద తేడా ఉండదు. కూలి పని ఆగి ఇల్లు గడవని మనిషికి ఆ "త్వరగా" అన్నదే ముఖ్యం కావచ్చు. అందుకే ఆ నిర్ణయం డాక్టరు ఒక్కరే తీసుకునేది కాదు.

బస్తా పనికి తిరిగి వెళ్లేటప్పుడు మొదటి వారం కాటా దగ్గర నిలబడండి, మూతులు కుట్టండి. రెండో వారం ఇద్దరు కలిసి లేపే పనికి చెయ్యి వేయండి. మునివేళ్ల మీద పదిసార్లు లేవగలిగి, కాల్లోకి నొప్పి పాకకుండా అరగంట నడవగలిగాకే వీపు మీదికి బస్తా. పట్టు మళ్లీ తగిలితే అంతకుముందు వారం చేసిన పనికే దిగండి, మొత్తం మానేయకండి.